నాలుగో అంతస్తులో అరిసెలు

జనవరి 11, ఆదివారం. రాత్రి పదకొండున్నర.

కుడిచేతి బొటనవేలు ఇంకా మండుతూనే ఉంది. ఇల్లంతా నూనె వాసన. కిటికీలు తీస్తే చలి, మూస్తే వాసన. చివరికి చలికే ఓటేశాం. డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్లు పరిచి ఉన్నాయి, వాటి మీద ఎనభై రెండు అరిసెలు. విరిగిన ఏడు లెక్కలోకి రావు. ఇంకొకటి అసలు టేబుల్ దాకా రాలేదు, దాని సంగతి తర్వాత రాస్తాను.

ఈ ఏడు తెనాలి వెళ్లలేదు. మావాడికి ఇంటర్ రెండో ఏడు, ప్రాక్టికల్స్ టెన్షన్. అమ్మకి కుడి కంట్లో శుక్లం ముదిరింది, ఆపరేషన్ పండగ వెళ్లాక. ఎడమ కన్ను కూడా అంతంతమాత్రమే. డిసెంబర్‌లోనే వెళ్లి ఇంటికి తాళం వేసి తీసుకొచ్చేశాను. అలా మొదటిసారి సంక్రాంతికి నిజాంపేటలోనే ఉండిపోయాం. శుక్రవారం రాత్రి నుంచీ మా అపార్ట్‌మెంట్ ఖాళీ అవుతోంది. స్కూటర్ పెట్టడానికి కూడా సందు దొరకని సెల్లార్‌లో ఇవాళ పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. పొద్దున టీవీలో పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్ల బారు చూపిస్తుంటే ఏదో వెలితిగా అనిపించింది. ఏటా ఆ బారులో కూర్చుని లోకాన్నంతా తిట్టుకునేవాణ్ణే. సోఫాలో కూర్చుని చూస్తే ఆ బారు కూడా ముచ్చటగానే ఉంటుంది మరి.

అరిసెలు చేద్దామన్నది అమ్మ కాదు, మా ఆవిడ. అమ్మ ఒక్కటే మాట అంది: "ఇద్దరితో అయ్యే పనా అది?"

నిజమే. పులిహోర ఒక్కరే చేసుకోవచ్చు, పరమాన్నం ఒక్కరే చేసుకోవచ్చు. అరిసెలకి చేతులు కావాలి. పాకం దించగానే ఒకరు పిండి పోస్తుండాలి, ఒకరు తెడ్డుతో కలుపుతుండాలి, ఒకరు గిన్నె కదలకుండా పట్టుకోవాలి. తర్వాత తట్టేవాళ్లు, వేయించేవాళ్లు, నూనె వత్తేవాళ్లు. ఒక్కరే అన్నీ చక్కబెట్టుకునేదాకా పాకం ఆగదు. మా ఊళ్లో అందుకే వంతులుండేవి. ఇవాళ మా ఇంట్లో అయితే రేపు ఎదురింట్లో, ఎల్లుండి కరణంగారింట్లో. ఇక్కడ మా ఫ్లాట్‌లో ఉన్నవి ఎనిమిది చేతులు, అందులో రెండు ఎప్పుడో ఫోనుకి అంకితమైపోయాయి.

మా ఆవిడ వెళ్లి పక్క ఫ్లాట్ కరీంనగర్ అక్కని అడిగింది. వాళ్లు భోగి ముందు రోజు రాత్రికి గానీ ఊరికి బయల్దేరరు. "నేను సకినాలు చేస్తున్న. దానికీ తడిపిండే, దీనికీ తడిపిండే. కలిసే పట్టిద్దాం" అందిట అక్క. పై అంతస్తులో కొత్తగా దిగిన ఒడిశా అమ్మాయిని కూడా పిలిచారు. వాళ్లాయనకి ఇవాళ డ్యూటీ, ఒక్కతే ఉందని. అలా పన్నెండు చేతులయ్యాయి.

బియ్యం కథ వేరే. శుక్రవారం అమ్మ, "అరిసెలకి సన్నబియ్యం పనికిరావు, రేషన్ బియ్యం పట్టుకురా" అంది. కిందటి ఉగాది నుంచీ తెలంగాణలో రేషన్ కార్డుకి ఇచ్చేది సన్నబియ్యమే. అన్నానికి మంచిదే, అరిసెలకే వచ్చింది చిక్కు. వాచ్‌మన్‌ని అడిగితే, "దొడ్డు బియ్యం ఎక్కడియి సార్ ఇప్పుడు" అని నవ్వాడు. మూడు కిరాణా కొట్లు తిరిగి, లావుగా, తెల్లగా ఉన్న బియ్యం రెండు కిలోలు పట్టుకొచ్చి గర్వంగా అమ్మ చేతిలో పోశాను. ఆవిడ కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది, కనిపించలేదు. ఒక గింజ పంటి కింద వేసుకుని కొరికింది.

"ఇవి ఉప్పుడు బియ్యం రా అబ్బాయ్. ఇడ్లీలకి."

వడ్లు ఉడికించి ఆడించిన బియ్యంతో అరిసెలు రావని నలభై ఆరేళ్లకి తెలిసింది. కరీంనగర్ అక్కే వాళ్ల పొలం నుంచి వచ్చిన కొత్త బియ్యం సంచి విప్పి రెండు కిలోలు కొలిచి ఇచ్చింది. శనివారం పొద్దున నానబోశాం. మధ్యలో మూడుసార్లు నీళ్లు మార్చాం. ఇప్పుడు వారం వారం ఇడ్లీలు తప్పవు, అది వేరే విషయం.

ఇవాళ పొద్దున నీళ్లు వార్చి, హాల్లో గుడ్డ మీద కాసేపు ఆరబోసి, చేతికి తడి అంటుతుండగానే డబ్బాల్లోకి ఎత్తారు. వాటిని మోసుకుని వెళ్లడం నా వాటా. మేం పిండి మర అంటాం, ఇక్కడ గిర్నీ అంటారు. అక్కడ నాకంటే ముందు పంతొమ్మిది డబ్బాలు బారుగా ఉన్నాయి, మనుషులు లేరు. మూతల మీద చాక్‌పీస్‌తో ఫ్లాట్ నంబర్లు రాసి టీ తాగడానికి వెళ్లిపోయారు. మిగిలిన ఇద్దరు ముగ్గురం గంటన్నర నిలబడ్డాం. పిండి పట్టించుకుని డబ్బా తీసుకుంటే వెచ్చగా ఉంది. మూత తీసి చూస్తున్నానో లేదో, పక్కన నిలబడ్డ పెద్దావిడెవరో కసిరింది: "మూత పెట్టు బాబూ, గాలికి ఆరిపోతే అరిసెలు విరిగిపోతాయి." ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా హక్కుగా కసరడం ఇలాంటప్పుడే.

ఇంటికొచ్చేసరికి హాలు సకినాల ఆధీనంలో ఉంది. సోఫా గోడకి జరిపేశారు. నేలంతా ఉతికిన తెల్లటి పాత పంచె పరిచి అక్క మధ్యలో కూర్చుంది. పిండి జల్లించి, అందులో నువ్వులు, వాము, ఉప్పు వేసి నీళ్లు చిలకరిస్తూ కలిపింది. ఆ ముద్ద చపాతీ పిండికంటే మెత్తగా ఉండాలిట. అరచేతిలో కొంచెం తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి మెలితిప్పుతూ వదులుతుంటే పిండి తాడులా దిగుతుంది. ఒక చుట్టు, దాని చుట్టూ ఇంకో చుట్టు, మూడో చుట్టు. ఆగదు, తెగదు. నేను ప్రయత్నిస్తే జెర్రిపోతులా వచ్చింది.

"గట్ల గుంజితే తెగుతది తమ్మీ. వేలు తిప్పాలె, చెయ్యి కాదు."

ఆశ్చర్యం ఏమిటంటే మావాడికి వచ్చింది. ఫోను పక్కన పెట్టి గంటసేపు కూర్చుని నలభై దాకా చుట్టాడు. కొన్ని కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి గానీ సకినాలే. చుట్టినవాటిలో తడిని గుడ్డ పీల్చుకోవాలి. పీల్చుకున్నాకే అట్లకాడతో లేపి నూనెలో వెయ్యాలి. తడి ఉండగా వేస్తే పేలతాయట. ఎర్రగా వేగకూడదు, తెల్లగానే ఉండాలి. అమ్మ ఒక్కొక్కదాన్నీ వేలితో తడిమి చూసి, "జంతికలకి గొట్టం ఉంది గానీ దీనికి లేదన్నమాట" అంది. మెచ్చుకోలో కాదో అర్థం కాలేదు. అక్క మాత్రం మెచ్చుకోలుగానే తీసుకుంది.

మధ్యాహ్నం ఎవరికీ వండే తీరిక లేదు. అక్క వాళ్లింటి నుంచి పచ్చిపులుసు వచ్చింది, మా ఇంట్లో అన్నం, ఆమ్లెట్లు. అమ్మ తాము వంకాయ కాల్చి వేసే పచ్చిపులుసు గురించి ఒక ఉపన్యాసం ఇచ్చి, దీన్నే రెండోసారి పోయించుకుంది.

మూడింటికి పాకం మొదలైంది. రెండు కిలోల బియ్యానికి కిలోన్నర బెల్లం. వంటింటి గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో అమ్మ కూర్చుంది, ఒళ్లో నీళ్లు పోసిన పళ్లెం. ప్రతి ఏడూ పొయ్యి ముందు నిలబడి, పాకం మీద బుడగలు చూసి చెప్పేసేది. నీళ్లలో వేసి చూడటం ఊరికే మా తృప్తి కోసం. ఈసారి బుడగలు కనపడవు. మా ఆవిడ గరిటెతో ఒక చుక్క తెచ్చి పళ్లెంలో వేస్తుంది, అమ్మ వేళ్లతో నీళ్లడుగున వెతికి దాన్ని దగ్గరికి తీస్తుంది. మొదటిసారి చేతిలోంచి జారిపోయింది. రెండోసారి సాగింది. మూడోసారి మెత్తటి ఉండ అయింది. బొటనవేలితో నొక్కి చూసింది.

"చాలు. దించెయ్."

ఇక అంతా ఒక్కసారే జరిగింది. యాలకుల పొడి, నెయ్యి, మా ఆవిడ పిండి పోయడం, నేను తెడ్డు తిప్పడం, ఒడిశా అమ్మాయి రెండు చేతులకీ గుడ్డలు చుట్టుకుని గిన్నె పట్టుకోవడం. ఆ తెడ్డు తిప్పడం జిమ్‌కి వెళ్లేవాళ్లకి నేర్పాలి. చలిమిడి దగ్గరపడ్డాక అక్క నూనె రాసిన కవరు మీద మొదటి అరిసె తట్టి నూనెలోకి జారవిడిచింది.

పూరీలా పైకి తేలాల్సింది. అంచుల చుట్టూ నురుగు కట్టింది. మధ్యలో చిల్లులు పడ్డాయి. చూస్తుండగానే విడివిడిగా అయిపోయి నూనెంతా గోధుమరంగు పొడి తిరుగుతోంది. ఎవ్వరం మాట్లాడలేదు.

"చప్పుడు తేడాగా ఉందేం?" అంది కుర్చీలోంచి అమ్మ.

అప్పటికీ ఎవ్వరం మాట్లాడలేదు.

"విచ్చిపోయిందా?" అని తనే అడిగి, పళ్లెం పక్కన పెట్టింది. "లేత పాకం. నేనే తొందరపడ్డాను." చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ చాలాసేపు తుడుచుకుంది.

కరీంనగర్ అక్క ఏమీ జరగనట్టే చిల్లుల గరిటెతో నూనె దేవి, "పిండి ఇంకా ఉన్నదా పెద్దమ్మా?" అని అడిగింది. ఉంది. మొత్తం పిండి ఒకేసారి పోయించదు అమ్మ, రెండు గుప్పెళ్లు ఎప్పుడూ వెనక ఉంచుతుంది. అది కలిపి, కాసేపు మూతపెట్టి, మళ్లీ ఒకటి వేశారు. ఈసారి బుడబుడమని మునిగి, పొంగి పైకి తేలింది. "ఆ, ఇదీ చప్పుడు" అంది అమ్మ.

అక్కడి నుంచి నడక అందుకుంది. ఒడిశా అమ్మాయి ఉండలు చేసి నువ్వుల్లో దొర్లిస్తూ, వచ్చీరాని తెలుగులో, వాళ్లింట్లో కూడా ఇవి చేస్తారని చెప్పింది. అరిసా పిఠా అంటారట. మార్గశిర గురువారాల్లో లక్ష్మీదేవికి పెడతారట. అమ్మకి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. "మార్గశిర లక్ష్మీవారాలు మన విశాఖపట్నం వైపు కూడా చేస్తారుగా! పేరు కూడా మనదే!" ఎవరిది ఎవరు తీసుకున్నారో తేల్చే ఉద్దేశం ఎవరికీ లేకపోవడం మంచిదైంది. ఆ అమ్మాయి వేళ్లు సన్నగా, చురుగ్గా ఉన్నాయి. అంచు మధ్యకంటే పలచబడకుండా తడుతోంది. ఇక్కడికొచ్చిన నాలుగు నెలల్లో లిఫ్టులో తప్ప ఆ పిల్లతో మేం మాట్లాడింది లేదు.

నా పని వత్తడం. అరిసెల చెక్క తెనాలి ఇంట్లో అటక మీద ఉండిపోయింది. వెతికితే పావ్‌భాజీ మాషర్ దొరికింది. చిల్లుల గరిటె మీద అరిసె పెట్టి, పైనుంచి మాషర్‌తో నొక్కితే నూనె బాగానే కారింది. కొంత గిన్నెలోకి, కొంత నా బొటనవేలి మీదకి. ముప్పై అయ్యాక అమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి తడిమింది.

"ఈ గీతలేవిట్రా?"

చెప్పాను. అంతవరకూ బిగబట్టుకున్న నవ్వు వంటింట్లో ఒక్కసారి పేలింది. మా ఆవిడైతే స్టవ్ సిమ్‌లో పెట్టి మరీ నవ్వింది. చదునైన చిన్న స్టీలు గిన్నె అడుగుతో నొక్కమని అక్క చెప్పింది, అప్పటి నుంచి నున్నగా వచ్చాయి. కాబట్టి టేబుల్ మీదున్న ఎనభై రెండులో గీతలవి ముప్పై, మామూలువి యాభై రెండు.

ఆరున్నరకి స్టవ్ ఆపి, అందరం హాల్లో కింద కూర్చుని సకినాలు కొరుక్కుంటూ టీ తాగాం. కొరికితే పటపటమని విరిగి, చివర్లో వాము ఘాటు. మేడ మీద పిల్లలెవరో ఎగరేస్తున్న గాలిపటం తెగి మా బాల్కనీ గ్రిల్‌కి చిక్కుకుంది. మావాడు దాన్ని విప్పడానికి వెళ్లి అరగంట రాలేదు. చదువు సంగతి ఇవాళ్టికి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పంపకాలు అమ్మే చేసింది. వేలితో తడిమి, గీతలు లేనివి ఇరవై అక్కకి, పదిహేను పై అంతస్తుకి. వాచ్‌మన్‌కి ఎనిమిది. గీతలున్నవీ విరిగినవీ ఇంట్లోకి. అక్క వద్దంటూనే పెద్ద డబ్బా నిండా సకినాలు పెట్టి వెళ్లింది. వాటాలకి ముందే లెక్కపెట్టాను కాబట్టి ఎనభై రెండు అని రాశాను. నిజానికి ఇప్పుడు టేబుల్ మీద ఉన్నవి చాలా తక్కువ. రాస్తూ రాస్తూ తిన్నవి మూడు.

తొమ్మిదింటికి తెనాలి నుంచి పిన్ని ఫోన్. అమ్మ స్పీకర్లో పెట్టింది.

"ఏవే, అరిసెలు చేశారటగా! ఎలా వచ్చాయి? పాకం ఎవరు చూశారు?"

"నేనే చూశాను, ఇంకెవరు చూస్తారు? బ్రహ్మాండంగా వచ్చాయి. మొదటిది ఒక్కటే విచ్చిపోయింది. మావాడు తెచ్చిన బెల్లం అలాంటిది."

శుక్రవారం మూడు కొట్ల నుంచి మూడు బెల్లం ముక్కలు తెప్పించి, వాసన చూసి, నాలిక మీద వేసుకుని, ఇదే కావాలని ఎంచింది ఆవిడే. నేను నోరు తెరవబోతే మా ఆవిడ నా నోట్లో అరిసె ముక్క పెట్టింది, గీతలున్నది.