పంపిన నోటీసు సగం మందికే ఎందుకు కనబడింది: సొంత మెయిల్ సర్వర్ పెట్టుకోవడంలో నా అనుభవం

ఈ ఉదయం మా సంస్థ సభ్యులు 42 మందికి మా సొంత మెయిల్ సర్వర్ (ఈ-మెయిల్ ఉత్తరాలు అందుకునే, పంపే కంప్యూటర్) నుంచి సమావేశ నోటీసు పంపాను. మధ్యాహ్నంలోగా అందరికీ ఫోను చేశాను. 42 ఉత్తరాలూ ఇన్‌బాక్సుల్లోనే ఉన్నాయి. ఆరు వారాల క్రితం ఇదే పని చేసి నిండు సమావేశంలో తల వంచుకున్నాను. ఆ వేడి తగ్గకముందే జరిగినదంతా రాసి పెడుతున్నాను.

మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. బడి మానేసిన పిల్లలకు సాయంత్రాలు పాఠాలు చెబుతాం. పిల్లల వివరాలు, దాతలతో నడిచిన ఉత్తరాలు ఇంతకాలం ఎవరి ఉచిత ఖాతాల్లో వారివి ఉండేవి. ఒక కార్యకర్త సంస్థ వదిలి వెళ్లినప్పుడు మూడేళ్ల ఉత్తరాలు ఆమెతో పాటే వెళ్లిపోయాయి. తల్లిదండ్రులు మనల్ని నమ్మి చెప్పిన విషయాలు మన అధీనంలో ఉండాలన్నది నా పట్టుదల. కమిటీలో అందరూ ఒప్పుకోలేదు. "నడుస్తున్న దాన్ని ఎందుకు కదపడం?" అని కోశాధికారి గారు అడిగారు. పూచీ నాది అన్నాను.

సాఫ్ట్‌వేర్ పెట్టడం ఒక సాయంత్రం పని. ఉత్తరాలు అందుకోవడానికి, పంపడానికి పోస్ట్‌ఫిక్స్. వాటిని దాచి మన ఫోనుకు, కంప్యూటర్‌కు చూపడానికి డవ్‌కాట్. చెత్త ఏరడానికి, బయటికి వెళ్లే ఉత్తరాల మీద సంతకం వేయడానికి ఆర్‌స్పామ్‌డి. పోస్ట్‌ఫిక్స్‌ను వీట్సా వెనెమా 1998లో విడుదల చేశారు. అన్నేళ్ల నాటి పనితనం ఈ రోజుకీ గడియారంలా నడుస్తోంది, పైసా అడగకుండా. అలాంటి మనుషుల పట్ల నాకు నిజంగా కృతజ్ఞత ఉంది. మెయిల్‌కౌ, ఐరెడ్‌మెయిల్ లాంటి సిద్ధం చేసిన మూటలు ఉన్నాయి, కానీ మొదటిసారి చేసేవారు ఒక్కసారైనా ఈ మూడింటినీ విడివిడిగా అమర్చి చూడాలి. లేకపోతే రేపు ఏదైనా ఆగినప్పుడు ఎక్కడ ఆగిందో తెలియదు.

సర్వర్‌తో జరిగే సంభాషణను గుప్తంగా ఉంచడానికి కావలసిన ఉచిత సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి పది నిమిషాల్లో వచ్చింది. అది 90 రోజులే పనిచేస్తుంది. దానంతట అది కొత్తదవుతుంది కానీ, పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్‌లకు "కొత్తది వచ్చింది, మళ్లీ చదువుకోండి" అని చెప్పే చిన్న ఆదేశాన్ని మనమే జత చేయాలి.

25వ పోర్టు దగ్గర ఆగాను. సర్వర్లు ఒకదానికొకటి ఉత్తరాలు అందించుకునే ద్వారం అది. స్పామ్ పంపేవారికి భయపడి, సర్వర్లు అద్దెకిచ్చే చాలా హోస్టింగ్ సంస్థలు దాన్ని మూసి ఉంచుతాయి. అందులో తప్పు లేదు. కానీ తెరవమని అడిగినప్పుడు మా హోస్టింగ్ సంస్థ నాతో మాట్లాడిన తీరును నేను క్షమించలేను. ఎవరికి పంపుతారు, ఎన్ని పంపుతారు, ఎందుకు పంపుతారు అని మూడుసార్లు అవే ప్రశ్నలు. ప్రతిసారీ వేరే ఉద్యోగి. ముందు నేను రాసినది ఎవరూ చదవలేదు. "మీది పెద్ద మొత్తంలో ప్రకటనలు పంపే వ్యాపారమా?" అని ఒకరు అడిగారు. పిల్లలకు చదువు చెప్పే సంస్థ అని మొదటి ఉత్తరం మొదటి వాక్యంలోనే ఉంది. నాలుగు రోజులకు తెరిచారు. సర్వర్ అద్దెకు తీసుకోకముందే 25వ పోర్టు తెరుస్తారా, పీటీఆర్ రికార్డు (ఈ ఐపీ చిరునామా ఏ సర్వర్ పేరుదో చెప్పేది) మార్చుకోనిస్తారా అని రాతపూర్వకంగా అడగండి. వారు ఇచ్చే ఐపీ చిరునామా, అంటే ఇంటర్నెట్‌లో సర్వర్‌ను గుర్తుపట్టే చిరునామా, స్పామ్ పంపేవారి నిషేధ జాబితాల్లో ఉందేమో కూడా ఆ రోజే చూడండి. పాత అద్దెదారు చేసిన పాపం కొత్తగా వచ్చినవారికి అంటుకుంటుంది. మచ్చ ఉన్న చిరునామా ఇస్తే వాదించకుండా వేరేది అడగండి.

భద్రత సంగతి. సర్వర్ లేచిన కొన్ని గంటల్లోనే లాగ్‌లో, అంటే సర్వర్ తన పనులన్నీ రాసుకునే చిట్టాలో, అపరిచితులు తలుపు తట్టడం మొదలైంది. అడ్మిన్, ఇన్ఫో, టెస్ట్ అన్న పేర్లతో పాస్‌వర్డులు ఊహించి చూస్తూనే ఉన్నారు. ఫెయిల్‌టుబ్యాన్ పెట్టాను, పదేపదే తప్పు పాస్‌వర్డు ఇచ్చిన చిరునామాను అది కొంతసేపు బయట నిలబెడుతుంది. మా సభ్యులు ఉత్తరాలు పంపడానికి 465, 587 పోర్టులు మాత్రమే, అదీ గుప్తీకరణ ఉంటేనే, పాస్‌వర్డు సరిపోతేనే. చదవడానికి 993. అన్నిటికంటే ముఖ్యమైనది పోస్ట్‌ఫిక్స్‌లో ఒక్క నిబంధన: లాగిన్ అయినవారు తప్ప ఇతరులెవరూ మన సర్వర్ గుండా మూడో మనిషికి ఉత్తరం పంపకూడదు. ఇది తప్పితే మన సర్వర్ ఊరుమ్మడి తపాలా పెట్టె అవుతుంది. మరుసటి రోజుకే నిషేధ జాబితాలో ఉంటాం. ప్రయోగం కోసం టెస్ట్ అనే ఖాతా తెరిచి, తేలికైన పాస్‌వర్డు పెట్టి మరచిపోవడం చాలామంది చేసే పని. దయచేసి చేయకండి. మన అలసత్వానికి మూల్యం చెల్లించేది మన పేరుతో వచ్చిన మోసపు ఉత్తరం నమ్మిన ఎవరో ముసలాయన.

ఇక నన్ను కుంగదీసిన దాని గురించి.

ఈ ఉత్తరం నిజంగా ఫలానా డొమైన్ (చిరునామాలో @ తరువాత వచ్చే పేరు) నుంచే వచ్చిందని లోకానికి నిరూపించడానికి మూడు రికార్డులు డీఎన్ఎస్‌లో, అంటే ఆ పేర్ల వివరాలు అందరూ చూడగలిగే పట్టికలో, పెట్టాలి. ఎస్పీఎఫ్ అంటే ఏ ఐపీ చిరునామాలకు మన తరఫున పంపే హక్కు ఉందో చెప్పే జాబితా. డీకిమ్ అంటే ఉత్తరం మీద వేసే సంతకం. దాన్ని సరిచూసుకునే తాళంచెవిని మనం బహిరంగంగా ఉంచుతాం. పంపినవారి డొమైన్‌తో సరిపోయేలా ఈ రెండింటిలో ఒక్కటి నెగ్గినా డీమార్క్ నెగ్గినట్టే. రెండూ ఓడితే ఉత్తరాన్ని ఏం చేయాలో చెప్పేది డీమార్క్ రికార్డు. గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి వీటి విషయంలో నిబంధనలు బిగించాయి. పెద్ద ఎత్తున (గూగుల్ లెక్కలో రోజుకు 5000 మించి) పంపేవారికి మూడూ తప్పనిసరి. చిన్నవారికి కూడా ఎస్పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి, సరైన పీటీఆర్ ఉండాలి.

నేను మూడూ పెట్టాను. పరీక్షించాను. అన్నీ నెగ్గాయి. నోటీసు పంపడానికి రెండు రోజుల ముందు, 1024 బిట్ల డీకిమ్ తాళంచెవి బలహీనమని చదివి, 2048 బిట్లది తయారు చేసి పాతదాని స్థానంలో పెట్టాను. మళ్లీ పరీక్షించలేదు. అక్కడ జరిగింది పొరపాటు.

నోటీసును ఒక్కొక్కరి పేరుతో విడివిడిగా పంపాను. లాగ్‌లో 42 వరుసలూ 250 అన్న అంకెతోనే ముగిశాయి. అంటే అవతలి సర్వర్ తీసుకుంది. నిశ్చింతగా నిద్రపోయాను.

సమావేశానికి సగం మందే వచ్చారు. నోటీసు చూడనివారిలో ఒకరు, సంస్థ పుట్టినప్పటి నుంచి ఉన్న పెద్దాయన, మధ్యలో వచ్చి నిలబడి, "నోటీసు పంపకుండా సమావేశం పెట్టడం ఈ సంస్థలో ఎప్పటి నుంచి మొదలైంది?" అన్నారు. "పంపాను సార్" అని కంప్యూటర్ తెరిచి లాగ్ చూపించాను. ఆయన తన ఫోను చూపించారు. అందులో ఏమీ లేదు. ఇద్దరం ఒకరి తెరను ఒకరం చూసుకుంటున్నాం. అప్పుడు మా బడి పూర్వ విద్యార్థిని ఒకమ్మాయి ఆయన ఫోను తీసుకుని స్పామ్ పెట్టె తెరిచింది. మా సంస్థ పేరు, దాని మీద ఎర్రటి పట్టీ, ఈ ఉత్తరం మోసపూరితం కావచ్చునన్న హెచ్చరిక. ఆయన దాన్ని పైకి చదివారు. పదిహేనేళ్లుగా ఇంటింటికీ తిరిగి సంపాదించిన పేరు మీద నా చేతులతో ఆ పట్టీ వేయించాను. ఆ గదిలో నాకు మాట రాలేదు.

ఆ తరువాతి ఎనిమిది రోజులు చీకట్లో తడుముకున్నాను. నోటీసు భాష మార్చాను. సంస్థ చిహ్నం తీసేశాను, లింకులు తీసేశాను. మా ఉత్తరాలను స్పామ్‌లో వేసిన మెయిల్ సేవవారికి ఫిర్యాదు పత్రం నింపాను; ఈ రోజుకీ జవాబు లేదు. అన్నిటికంటే నన్ను పిచ్చివాణ్ని చేసింది ఆ సగం. అదే ఉత్తరం, అదే సర్వర్, అదే సేవలో ఖాతాలు. ఒకరికి ఇన్‌బాక్స్, పక్కవారికి స్పామ్. నాకు నేనే పది పంపుకుంటే ఆరు ఒక చోట, నాలుగు మరో చోట. మళ్లీ పంపితే లెక్క మారుతుంది. సొంత సర్వర్ ఉన్న మిత్రుడికి పంపితే ప్రతిదీ చక్కగా చేరేది.

తొమ్మిదో రాత్రి డీమార్క్ నివేదికలు గుర్తొచ్చాయి. పెద్ద మెయిల్ సేవలు రోజుకొకసారి, మీ పేరుతో మాకు ఏ ఐపీ నుంచి ఎన్ని ఉత్తరాలు వచ్చాయి, ఏవి నెగ్గాయి, ఏవి ఓడాయి అని జిప్ చేసిన ఎక్స్ఎంఎల్ ఫైలు పంపుతాయి. అవి నా పెట్టెలోకే వస్తున్నాయి. నేను ఒక్కటీ తెరవలేదు.

తెరిస్తే రెండు వరుసలు. మొదటిది మా సర్వర్ ఐపీ చిరునామా: ఎస్పీఎఫ్ నెగ్గింది, డీకిమ్ ఓడింది. రెండోది అక్షరాలు, అంకెలు, కోలన్లు కలిసిన పొడవాటి చిరునామా: రెండూ ఓడాయి. ఎవరో దొంగ మా పేరుతో ఉత్తరాలు పంపుతున్నాడని గుండె ఝల్లుమంది. ఆ రాత్రే అధ్యక్షురాలికి ఫోను చేసి, "మేడమ్, మన పేరు ఎవరో వాడుకుంటున్నారు" అని చెప్పేశాను. గంట తరువాత సర్వర్ నెట్‌వర్క్ వివరాలు చూస్తే ఆ పొడవాటి చిరునామా మాదే. ఐపీవీ6, అంటే కొత్త తరహా ఐపీ చిరునామా (పాత తరహాది ఐపీవీ4). హోస్టింగ్ సంస్థ నేను అడగకుండానే ఇచ్చింది, పోస్ట్‌ఫిక్స్ నేను చెప్పకుండానే వాడుతోంది.

అవతలి సర్వర్‌కు రెండు రకాల చిరునామాలూ ఉంటే, వేరేగా చెప్పనంతవరకు పోస్ట్‌ఫిక్స్ రెండింటికీ సమాన ప్రాధాన్యం ఇస్తుంది. ఒక ఉత్తరం ఐపీవీ4 మీద, మరొకటి ఐపీవీ6 మీద వెళతాయి. నా ఎస్పీఎఫ్ జాబితాలో ఐపీవీ4 చిరునామా ఒక్కటే ఉంది. పాత తాళంచెవి ఉన్నంతకాలం డీకిమ్ నెగ్గేది కనుక ఈ లోపం బయటపడలేదు. మిత్రుడి సర్వర్‌కు ఐపీవీ6 లేదు కనుక అక్కడా బయటపడలేదు.

డీకిమ్ ఎందుకు ఓడిందంటే, డీఎన్ఎస్ టెక్స్ట్ రికార్డులో ఒక్కో ముక్క 255 అక్షరాలు మించకూడదు. 2048 బిట్ల తాళంచెవి ఒక్కటే 392 అక్షరాలు. దాన్ని రెండు ముక్కలు చేసి, ఒక్కోదాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. మా డొమైన్ అమ్మినవారి పేజీ నేను అతికించినదాన్ని 255 దగ్గర కత్తిరించి, మిగతాది పారేసి, "విజయవంతంగా భద్రపరిచాం" అని ఆకుపచ్చ అక్షరాల్లో చెప్పింది. అబద్ధం చెప్పే ఆ ఆకుపచ్చ అక్షరాల మీద నా కోపం ఇంకా పోలేదు. అందుకే చెబుతున్నాను: డీఎన్ఎస్ పేజీ ఏం చూపిస్తుందో నమ్మవద్దు. డిగ్ ఆదేశంతో బయటి నుంచి అడిగి, వచ్చిన జవాబును అక్షరం అక్షరం సరిచూడండి. ఏ చిన్న మార్పు తరువాతైనా రెండు వేర్వేరు సేవల్లోని ఖాతాలకు ఉత్తరం పంపి, దాని పూర్తి హెడర్లు (ఉత్తరం పైన మామూలుగా కనబడని వివరాల వరుసలు) తెరిచి, ఆథెంటికేషన్ రిజల్ట్స్ అన్న వరుస చదవండి. నేను ఎనిమిది రోజులు వెతికిన జవాబు స్పామ్‌లో పడిన ప్రతి ఉత్తరం నెత్తిన రాసి ఉంది.

సరిదిద్దడానికి గంట పట్టింది. తాళంచెవిని రెండు ముక్కలుగా పెట్టాను, ఎస్పీఎఫ్‌లో ఐపీవీ6 చిరునామా చేర్చాను, దానికి పీటీఆర్ కూడా రాయించాను. ఐపీవీ6 అవసరం లేనివారు పోస్ట్‌ఫిక్స్‌ను ఐపీవీ4కే పరిమితం చేసుకోవచ్చు. అది ఒక్క వరుస మార్పు. మరుసటి ఉదయం అధ్యక్షురాలికి ఫోను చేసి, దొంగ ఎవరూ లేరని, లోపం నాదేనని చెప్పాను. "సరే, పెద్దాయనకు కూడా మీరే చెప్పండి" అన్నారు. ఆయన ఇంటికి వెళ్లి చెప్పాను. అంతా విని, "అయితే వచ్చేసారి ఉత్తరంతో పాటు ఫోను కూడా చేయండి" అన్నారు. ఈ రోజు అందరికంటే ముందు చేసింది ఆయనకే.

డీమార్క్ నిన్నటివరకు కేవలం గమనించమనే స్థాయిలో ఉండేది. నాలుగు వారాల నివేదికలు వరుసగా చదివాను, రెండు చిరునామాలూ రెండు పరీక్షల్లోనూ నెగ్గుతున్నాయి. నిన్న రాత్రి దాన్ని ఒక మెట్టు పెంచి, ఓడిన ఉత్తరాలను స్పామ్‌లో వేయమని మార్చాను. మరో నెల చూసి, పూర్తిగా తిరస్కరించమని మారుస్తాను. ఈ నోటీసుకు సంబంధించిన నివేదిక రేపు వస్తుంది. రాగానే తెరుస్తాను.