ఫ్లోరైడ్ ప్రాజెక్టులో పైథాన్: లెక్క ఎక్కడ తప్పుతుంది?

మునుగోడు, మర్రిగూడ వైపు బడి పిల్లలకు సైన్స్ ప్రాజెక్టు అంటే బోరు నీళ్ల ఫ్లోరైడే ముందు గుర్తొస్తుంది. లెక్కకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడితే చాలా మంచిది. అయితే మొదటి తప్పు, టైపు చేసిన విలువను తీసుకునే ఇన్‌పుట్ (input) దగ్గరే జరుగుతుంది. అది ఇచ్చేది సంఖ్య కాదు, అక్షరాల వరుస. అందుకే 1.2, 0.8 కలిపితే 2.0 రాదు, 1.20.8 వస్తుంది. పూర్ణసంఖ్యగా మార్చే int()లో వేస్తే చుక్కను చూసి వాల్యూఎర్రర్ అనే తప్పు సందేశం ఇస్తుంది. దశాంశ సంఖ్యగా మార్చే float()లో వేయాలి.

సగటుతో ఇంకా జాగ్రత్త. మూడు బోర్లలో లీటరుకు 0.6, 0.9, 3.6 మిల్లీగ్రాములు ఉన్నాయనుకోండి. సగటు 1.7. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ఐఎస్ 10500 ప్రమాణంలో ఫ్లోరైడ్ హద్దు 1.0, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు. సగటు చూస్తే మూడూ చెడ్డవే అనిపిస్తుంది, నిజానికి దాటింది ఒక్కటే. మధ్యగతం 0.9 కూడా రాయండి, ఏ బోరు దాటిందో if షరతుతో విడిగా చూపండి. పరీక్ష చేయని బోరుకు సున్నా వేయొద్దు, ఖాళీగా వదిలి లెక్కలోంచి తీసేయాలి.

పైథాన్‌తో రాయించిన సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టిక) ఎక్సెల్‌లో తెరిస్తే ఊరి పేర్లు పిచ్చి గుర్తులైతే, ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి) యూటీఎఫ్-8-సిగ్ (utf-8-sig) పెట్టి మళ్లీ రాయించండి.

పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతి గురించి వెతికితే పటిక మోతాదు ఒక్కటే అంకెగా కనిపించవచ్చు. దాన్ని ఎత్తి రాయొద్దు. ఫ్లోరైడ్‌తో పాటు నీటి క్షారత మారితే మోతాదూ మారుతుంది. వికీపీడియా వాడితే శాశ్వత లింకు, చూసిన తేదీ రాసుకోవాలి, రేపటికి పేజీ మారొచ్చు.