ఒంటి చేత్తో కోడి కాలికి కట్టు

సైకిల్ మీంచి పడి ఎడమ కాలర్ బోన్ విరిగి, చెయ్యి స్లింగ్‌లో పెట్టుకుని కూర్చున్న రోజుల్లోనే మా బూడిద రంగు పెట్ట కుంటడం మొదలుపెట్టింది. సైకిలూ కోళ్లూ రెండూ నా సరదాలే కాబట్టి రెండింటి సంగతులూ ఒకే నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను. కోడి అరికాలి గడ్డకు ఇంట్లో ఏం చేయాలో చెప్పేవాళ్లు పట్టుకోవడానికి ఒకరు, కట్టు కట్టడానికి ఇంకొకరు ఉన్నారనుకునే చెబుతారు. పనిచేసే చెయ్యి ఒక్కటే అయితే ఏది కుదురుతుంది, ఏది వదిలేయాలి అన్నదే ఈ నోట్సులో ఎక్కువగా ఉంది.

పడ్డాక

మలుపులో సన్న కంకర మీద ముందు చక్రం జారింది. చెయ్యి ఆనించే లోపే భుజం నేలకు కొట్టుకుంది. చాచిన చేతి మీద పడితే కాలర్ బోన్ విరుగుతుందని చాలామంది అనుకుంటారు గానీ, ఎక్కువసార్లు విరిగేది ఇలా భుజం నేరుగా తగిలినప్పుడే. విరిగింది కూడా మామూలుగా విరిగే చోటే, ఎముక మధ్యలో. ముక్కలు పెద్దగా పక్కకు జరగలేదు కాబట్టి ఆపరేషన్ లేకుండా స్లింగ్‌తో సరిపెట్టారు. పెద్దవాళ్లలో ఈ ఎముక అతుక్కోవడానికి సాధారణంగా 6 నుంచి 12 వారాలు పడుతుంది.

మొదట్లో పనికొచ్చినవి ఇవీ: వెల్లకిలా పడుకుంటే లేచేటప్పుడు ప్రాణం పోతుంది, అందుకని వీపు కింద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని సగం కూర్చున్నట్టు నిద్రపోవడం. చొక్కా తొడిగేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అదే చివర. స్లింగ్‌లో ఉన్నా వేళ్లు, మణికట్టు, మోచేయి రోజుకు చాలాసార్లు కదిలించడం, లేకపోతే ఎముక అతికేలోపు మోచేయి బిగుసుకుపోతుంది. వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా, ఊపిరి అందనట్టున్నా, విరిగిన ఎముక కొన చర్మాన్ని లోపల్నుంచి ఎత్తుతున్నట్టు కనిపించినా మళ్లీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. నాకు ఇవేవీ రాలేదు.

కుడి మోచేయి మాత్రం బాగా దోక్కుపోయింది. ఇలాంటి గాయాన్ని గాలికి వదిలేసి ఎండనివ్వాలని అందరూ సలహా ఇస్తారు. నిజానికి తడి ఆరకుండా మూసి ఉంచితేనే త్వరగా మానుతుంది, మచ్చ కూడా తక్కువ. మట్టి, ఇసుక రేణువులు మిగలకుండా ధారగా నీళ్లు పోసి కడగడం, పల్చగా పెట్రోలియం జెల్లీ, పైన గాయానికి అతుక్కోని రకం ప్యాడ్. పాత టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో గుర్తులేకపోతే ఆ సంగతి డాక్టర్‌కి అప్పుడే చెప్పేయాలి. ఆ ప్యాడ్‌లు ఎక్కువే కొనిపెట్టుకున్నాను. వాటిలో సగం కోడి కాలికే ఖర్చయ్యాయి.

హెల్మెట్‌కి బయట చిన్న గీతే ఉంది. అయినా పారేశాను. లోపలి ఫోమ్ ఒక్కసారి నలిగి దెబ్బను తీసుకునేలా చేసిందే, నలిగిన చోట రెండోసారి పనిచేయదు.

బూడిద పెట్ట

"నాన్నా, అది ఒంటికాలి మీదే నుంచుంటోంది, చూడు" అని మా అమ్మాయి అంటే పెద్దగా పట్టించుకోలేదు. కోళ్లు తీరిగ్గా ఉన్నప్పుడు ఒక కాలు ఈకల్లో దాచుకోవడం మామూలే కదా. కానీ మేత వేసినప్పుడు మిగతావన్నీ పరుగెత్తుకొస్తే ఇది ఆఖర్న, కుడికాలు నేలకు ఆనీ ఆననట్టు వేస్తూ వచ్చింది. కోడి తన జబ్బును వీలైనంత వరకు దాచుకుంటుంది. మందలో నలతగా ఉన్నదాన్ని మిగతావి పొడుస్తాయి కాబట్టి దానికి అదే ఆత్మరక్షణ. మనకు కనిపించేసరికి విషయం ముదిరిందనే లెక్క.

కాలు తిప్పి చూస్తే అరికాలి మధ్య మెత్తటి భాగం ఉబ్బి, దాని నడుమ నల్లటి గుండ్రటి పక్కు. దీన్నే బంబుల్‌ఫుట్ అంటారు. అరికాల్లో చిన్న గాటు పడి, అందులోంచి బ్యాక్టీరియా లోపలికి పోతే వస్తుంది. ఎక్కువగా స్టెఫలోకాకస్ ఆరియస్ అనే రకం. ఎక్కి కూర్చునే కర్రలు గరుకుగా ఉండడం, ఎత్తు నుంచి దూకడం, గూట్లో కింద పరిచిన పొట్టు తడిసిపోవడం, ఒళ్లు బరువెక్కడం, ఇవన్నీ దానికి దారులే.

కుంటే ప్రతి కోడికీ ఇదే జబ్బని అనుకోకూడదు. కాళ్లు చాపేసి లేవలేకపోతున్నా, ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ పెట్టి పడిపోతున్నా, మెడ తిరిగిపోతున్నా, రెట్టలో రక్తం ఉన్నా, ఒకేసారి రెండు మూడు కోళ్లు డల్‌గా అయినా అది వేరే సంగతి. ముందు పశువుల డాక్టర్‌కి ఫోన్ చేయాలి. నా నోట్‌బుక్‌లో ఆ రోజు ఇలా రాసుకున్నాను: తింటోంది, నీళ్లు తాగుతోంది, జుట్టు ఎర్రగానే ఉంది, పొద్దున మెడ కింది సంచి ఖాళీగా ఉంది, వాపు అరికాలికే పరిమితం, పైన కీలు వేడిగా లేదు. అంటే ఇంట్లో ప్రయత్నించే స్థితిలోనే ఉంది.

పొద్దున్నే ఆ సంచి తడమడం మంచి అలవాటు. రాత్రంతా అరిగి ఉదయానికి ఖాళీ కావాలి. గట్టిగానో, నీళ్లు నింపిన బెలూన్‌లా మెత్తగానో ఉంటే కాలి కంటే పెద్ద సమస్య అక్కడుందన్నమాట. దాంతోపాటు బరువు. వంటింటి కాటా మీద బుట్ట పెట్టి, అందులో కోడిని కూర్చోబెట్టి తూచడం ఒంటి చేత్తో కూడా తేలికే. కొద్ది రోజుల్లో బరువులో పదో వంతు తగ్గితే ఇంక ఇంటి వైద్యం ఆపేయాలని ముందే గీత గీసుకున్నాను.

కత్తి ఎందుకు ముట్టుకోలేదంటే

బంబుల్‌ఫుట్‌కి చాలామంది చేసేది పక్కు చుట్టూ కోసి లోపలి గడ్డను లాగేయడం. పక్షుల చీము మన చీములా కారదు. దాన్ని పల్చబరిచే ఎంజైమ్ వాటి తెల్ల రక్తకణాల్లో లేదు. అందుకే అది లోపలే గట్టిపడి గింజలా తయారవుతుంది. పిండితే రాదు, పైగా ఇంకా లోతుకు పోతుంది. అందుకే కోస్తారు. కానీ మత్తు లేకుండా కోయడమంటే కోడికి నరకం, అదీ కాక ఒక చెయ్యి స్లింగ్‌లో ఉండగా బ్లేడ్ పట్టుకోవడం నా వల్ల కాదు. కాబట్టి నానబెట్టడం, కట్టు, ఓపిక, ఈ మూడే మిగిలాయి. తొలిదశ గడ్డకు అది సరైన దారే. లోతుగా పాకిందైతే డాక్టర్ మత్తిచ్చి తీయాలి.

ఇంకో చిక్కుంది. ఆ బ్యాక్టీరియా మనుషులకూ అంటుతుంది, నా మోచేతికేమో పచ్చి గాయం. అందుకని ముందు నా గాయం మీద ప్యాడ్ వేసి చుట్టూ టేప్‌తో మూసేయడం, పైన పొడుగు చేతుల చొక్కా, తర్వాత గ్లవ్. టేప్‌ని పళ్లతో తెంపడం ఒంటి చేతి మనిషికి సహజంగా వచ్చే అలవాటు; దాన్ని ఇక్కడ పూర్తిగా మానుకోవాలి.

పద్ధతి

ముందు కావలసినవన్నీ కత్తిరించి పెట్టుకోవాలి. తనకు తానే అతుక్కునే సాగే బ్యాండేజ్‌ని వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి, వాటిని టేబుల్ అంచుకు వరసగా వేలాడదీసేవాణ్ణి. చుట్టలోంచి లాగిన బ్యాండేజ్ సాగి ఉంటుంది, అలాగే చుడితే తర్వాత బిగుసుకుని వేళ్లకు రక్తం అందదు. ముందే కోసి కాసేపు వేలాడదీస్తే ఆ సాగుడు పోతుంది. వీలు కోసం మొదలుపెట్టిన పని ఇలా రెండు విధాలా కలిసొచ్చింది.

తర్వాత కోడి. రాత్రి గూట్లో నిద్రమత్తులో ఉన్నప్పుడు తీసుకోవడం సుఖం. తువ్వాలులో రెక్కలు కదలకుండా చుట్టి, తల మీద పల్చటి గుడ్డ కప్పితే చీకటనుకుని సద్దుమణుగుతుంది. చంకలో బిగించి పట్టుకోవాలనిపిస్తుంది గానీ జాగ్రత్త. కోడికి మనలా ఊపిరి తీయించే డయాఫ్రమ్ కండరం ఉండదు, రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. ఛాతీ నొక్కితే నోరు తెరిచి రొప్పుతుంది, ఇంకా నొక్కితే చచ్చిపోతుంది. నేను తొట్టిలో నిలబెట్టి, దాని వీపు మీద అరచెయ్యి ఊరికే ఆనించి ఉంచేవాణ్ణి.

తొట్టిలో గోరువెచ్చటి నీళ్లు, లీటరుకు రెండు పెద్ద చెంచాల ఎప్సమ్ సాల్ట్, కాళ్లు మునిగేంత లోతు, పావుగంట. ఆ నీళ్లు తాగనివ్వకూడదు, విరేచనాలవుతాయి. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు కాబట్టి మనకు వెచ్చగా అనిపించే నీళ్లు దానికి చల్లగానే ఉంటాయి. వేడి కోసం పెంచుకుంటూ పోతే చర్మం కాలుతుంది. బూడిద పెట్ట మొదటిసారి నీళ్లన్నీ నా మీద చల్లింది. తర్వాత్తర్వాత కళ్లు అరమూసుకుని కునికిపాట్లు పడేది.

తీసి మెత్తటి గుడ్డతో ఒత్తి, పల్చబరిచిన పొవిడోన్ అయోడిన్ పక్కు మీద అద్ది, చిన్న ప్యాడ్ పెట్టి, పట్టీని వేళ్ల సందుల్లోంచి ఒక్కొక్క చుట్టుగా తిప్పి పైన కాలికి ఒక చుట్టు. మరుసటి పొద్దున వేళ్లు చూడాలి: వాచినా, చల్లగా ఉన్నా కట్టు బిగుసుకున్నట్టే, వెంటనే విప్పేయాలి. బ్యాండేజ్ ఎరుపు రంగుది వద్దు, మిగతా కోళ్లు దాన్నే పొడుస్తాయి. నాకు దొరికిన లేత గోధుమ రంగుది వాటి కంటికే ఆనలేదు. మనుషుల నొప్పి మాత్రలు, నొప్పి తగ్గించే మందు కలిపిన ఆయింట్‌మెంట్లు కోడికి అంచనా మీద వేయకూడదు. యాంటీబయాటిక్ వాడాల్సి వస్తే డాక్టర్ రాస్తేనే, అప్పుడు గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో కూడా అడగాలి.

జాగా మార్చడం కట్టు కంటే ముఖ్యమేమో అనిపించింది. మందకు కనిపించేలా పక్కనే జాలీ అడ్డం పెట్టి, పొడి రంపపు పొట్టు మందంగా పోసి, ఎక్కడానికి కర్ర లేకుండా విడిగా ఉంచాను. దూకే పనే లేకపోవడంతో కాలికి విశ్రాంతి దొరికింది. పూర్తిగా కనపడకుండా దాచేస్తే తిరిగి కలిపినప్పుడు కొత్తదని తరిమి కొడతాయి.

మధ్యలో

చాలా రోజులు ఏమీ మారలేదు. కట్టు విప్పితే అదే నల్లటి చుక్క, అదే వాపు. నా ఎక్స్‌రేలోనూ అంతే, విరిగిన గీత అలాగే కనిపించింది. కొత్తగా పుట్టే ఎముక మొదట్లో మెత్తగా ఉంటుంది, అందులో కాల్షియం చేరేదాకా ఎక్స్‌రేకి చిక్కదు. అది తెలిసినా టెన్షన్ తగ్గలేదు. కాల్షియం సంగతికొస్తే, గుడ్లు పెట్టే కోడి నాకన్నా ఘనం. ఒక్క పెంకులోనే దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. రాత్రిపూట పెంకు తయారయ్యేటప్పుడు కడుపులో మేత చాలకపోతే కాళ్ల ఎముకల లోపల దాచుకున్న నిల్వలోంచి తీసుకుంటుంది. బూడిద పెట్ట కాలు నొప్పి పెట్టినన్నాళ్లూ గుడ్డు పెట్టడం ఆపేసింది. నేను దిగులుపడ్డాను గానీ దాని ఒంటికి అది మంచిదే.

ఒక రాత్రి నానబెట్టాక గుడ్డతో అద్దుతుంటే పక్కు ఒక పక్కన లేచింది. లాగలేదు, ఇంకాసేపు నీళ్లలో ఉంచాను. మెల్లగా అంచు పట్టుకుంటే దాని వెనకే పసుపుపచ్చటి గట్టి ముక్క, శనగబద్దంత, మేకులా కొన తేలి ఊడి వచ్చింది. రక్తం రెండు చుక్కలు. లోపల గుంట శుభ్రంగా, గులాబీ రంగులో ఉంది. కోడి ఉలిక్కిపడలేదు, నేనే ఊపిరి బిగబట్టాను. ఆ గుంట పైనుంచి మూసుకుపోకుండా అడుగు నుంచి పూడాలి, అందుకే ఆ తర్వాత కూడా కట్టు కొనసాగించాను, నానబెట్టడం మాత్రం తగ్గించాను.

సైకిల్

స్లింగ్ తీసే రోజుల్లో భుజానికి మొదటి వ్యాయామం: ముందుకు వంగి చెయ్యి వేలాడదీసి లోలకంలా చిన్న సున్నాలు చుట్టడం. డాక్టర్ సరే అన్నాకే. చెయ్యి భుజం ఎత్తు దాటించడం, బరువులెత్తడం ఆ తర్వాతి మాట. ఆ తీరికలో సైకిల్ చూసుకున్నాను. గేర్లు మార్చే వెనక డిరేలియర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ లోపలికి వంగింది. అలాగే తొక్కితే పెద్ద పళ్లచక్రం మీదకు గేర్ మార్చినప్పుడు డిరేలియర్ చువ్వల్లోకి పోతుంది. ముందు చక్రం తిప్పి, బ్రేక్ ప్యాడ్‌కూ రిమ్‌కూ మధ్య సందు గమనిస్తే చిన్న వంకర. ఫోర్క్‌లో, హ్యాండిల్‌బార్ బిగించే చోట పగుళ్లు ఉన్నాయేమోనని టార్చ్ వేసి చూశాను, లేవు. అల్యూమినియం హ్యాండిల్‌బార్ వంగితే సరిచేయకూడదు, మార్చేయాలి. కార్బన్‌దైతే బయటికి బాగున్నా తెలిసినవాళ్లకు చూపించాలి.

ఇప్పుడు

కొత్త ఎక్స్‌రేలో అతుకు కనిపిస్తోంది, ఎముక మీద చిన్న బొడిపె చేతికి తగులుతోంది. సైకిల్‌ని కదలకుండా పట్టి ఉంచే ట్రెయినర్ స్టాండ్ మీద, హ్యాండిల్‌పై బరువు వేయకుండా తొక్కడానికి అనుమతి వచ్చింది. రోడ్డెక్కడం తర్వాతి ఎక్స్‌రే చూశాకే.

బూడిద పెట్టను పొద్దుగూకాక మందలో కలిపాను, పొద్దున చిన్న గొడవైంది గానీ సర్దుకున్నాయి. గూట్లో కర్రలు మోకాలి ఎత్తుకు దించి, రెండు అంగుళాల వెడల్పు చెక్కలు వేసి, అంచులు గరుకు కాగితంతో గుండ్రంగా అరగదీశాను. కింద తడిసిన పొట్టంతా తీసేశాను. పనిలో పనిగా అన్ని కోళ్ల అరికాళ్లూ తిప్పి చూస్తే, ఎర్ర పెట్ట ఎడమ కాలికింద ఆవగింజంత గోధుమ రంగు చుక్క. వాపు లేదు, కుంటడం లేదు. ఈ రాత్రి నుంచి దానికి తొట్టి స్నానం మొదలు, కాకపోతే ఈసారి రెండు చేతులూ ఉన్నాయి.