ముప్పై మూడు నిండకముందే

పాయింట్ల లెక్కన ఆస్ట్రేలియాలో శాశ్వత నివాసం ఇచ్చే 189 వీసాకు మేము సిద్ధమైన 2022లో, నాకు 33 నిండటానికి నాలుగు నెలలే ఉన్నాయి. దరఖాస్తు చేసుకోమని ఆహ్వానం వచ్చే నాటి వయసే లెక్క కనుక, ఆ గడువు దాటితే వయసు పాయింట్లు 30 నుంచి 25కు పడిపోతాయి; కనీస అర్హత 65 అయినా, ఎక్కువ ఉన్నవారికే ముందు పిలుపు. నా భార్య పాపను పడుకోబెట్టి, రాత్రి పదకొండింటికి హెడ్‌ఫోన్లు పెట్టుకుని పీటీఈ అనే ఇంగ్లిష్ పరీక్షకు సాధన చేసి, మరో 5 పాయింట్లు తెచ్చిపెట్టింది. (గిన్నెలు తోమడం నేను అప్పుడే నేర్చుకున్నాను.) అనుభవ ధ్రువపత్రం కోసం పాత సంస్థ ఆరు వారాలు తిప్పించుకోవడం మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

మెల్‌బోర్న్‌లో దిగాక, ప్రయాణికుల కార్డులో ఆహారపదార్థాల దగ్గర ‘అవును’ అని గుర్తుపెట్టి, అమ్మ ఇచ్చిన ఆవకాయ సీసాను అధికారి ముందుంచితే, ఆయన మూత చుట్టూ ఉన్న మూడు పొరల టేపును చూసి, నవ్వి తిరిగి ఇచ్చేశారు.