పీట మీంచి లేవడం

పాలు కాగేలోపు వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం ఇరవైసార్లు పూర్తయింది. తర్వాత ఒంటికాలి మీద నిలబడ్డాను. కుడికాలి మీద 20 సెకన్లు, ఎడమకాలి మీద 11. ఎడమది ఇంకా మొరాయిస్తోంది.

ఈరోజు సోమవారం, బరువుల రోజు. గురువారం మళ్లీ చెయ్యాలి. డంబెల్స్ కొనలేదు. గుడ్డసంచిలో ఐదు కిలోల బియ్యం పోసి మూతి కట్టి పెట్టుకున్నాను. దాన్ని నేల మీంచి ఎత్తాలి. వంగేటప్పుడు నడుం గూనిగా వంచకూడదు, తుంటి దగ్గర మడవాలి, సంచి కాళ్లకి ఆనుకునే పైకి రావాలి. "బిందె ఎత్తినట్టే అమ్మా, తొడల బలంతో లేవండి" అంటుంది నేర్పిన ఫిజియో అమ్మాయి. పదిసార్లలో చివరి రెండూ కష్టంగా ఉండాలట. ఈరోజు పదీ తేలిగ్గా అయిపోయాయి. వచ్చే వారం ఇంకో కిలో పొయ్యాలి.

పక్కింటి వదినగారు చూసి "ఈ వయసులో బరువులేంటి వదినా, హాయిగా వాకింగ్ చేసుకోక" అన్నారు. నాకు పోయిన కార్తీకం గుర్తొచ్చింది. పుష్కరఘాట్‌లో కింది మెట్టు మీద కూర్చుని దీపం వదిలాను. లేవబోతే తొడలు సహకరించలేదు. ఎవరో అమ్మాయి రెండు చేతులూ పట్టి లేపింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పదేళ్లుగా రోజూ 40 నిమిషాలు నడుస్తున్నదాన్ని! నడక గుండెకి మంచిదే. కానీ తొడల్లో కండ నిలవాలంటే అదొక్కటే చాలదని నాకు ఎవరూ చెప్పలేదు. అంతకుముందు మోకాళ్ల నొప్పులకి చూపించుకుంటే ఒక డాక్టరుగారు "కింద కూర్చోకండి, మెట్లెక్కకండి" అన్నారు. మానేశాను. మానేసినకొద్దీ కాళ్లు ఇంకా నీరసించాయి. ఆ సలహా మీద నాకు ఇప్పటికీ కోపమే. ముట్లు ఆగాక ఎముక త్వరగా గుల్లబారుతుంది, కండా కరుగుతుంది. మా అత్తగారు బాత్రూంలో పడి తుంటి విరిగి, మళ్లీ మంచం దిగలేదు.

1990లో అమెరికాలో తొంభై ఏళ్లకి అటూ ఇటూగా ఉన్న కొద్దిమందికి ఎనిమిది వారాలు కాళ్లకి బరువులతో శిక్షణ ఇస్తే బలం రెట్టింపు దాటిందని ఫిజియో అమ్మాయి చెప్పింది. నాకు 63. 2027లో గోదావరి పుష్కరాలు. ఆ మెట్లు నేనే దిగాలి, నేనే ఎక్కాలి.

మధ్యాహ్నం కుర్చీ పరీక్ష పెట్టుకున్నాను. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలమో లెక్క. నా వయసు ఆడవాళ్లకి 12 కంటే తగ్గితే సగటు కన్నా తక్కువ బలమని అర్థం. మొదటిసారి 7 వచ్చింది. ఈరోజు 13! కేలండర్ మీద రాసి చుట్టూ సున్నా చుట్టాను.

సాయంత్రం అటక మీంచి కత్తిపీట దింపించాను. రెండేళ్లయింది దాని మీద కూర్చుని. ఆనపకాయ తరగడం అయ్యాక మా వారు అలవాటుగా చెయ్యి చాచారు. "ఉండండి" అన్నాను. ఎడమ మోకాలు నేలకి ఆన్చి, కుడిపాదం ముందుకి పెట్టి, తొడ మీద అరచెయ్యి ఊని లేచాను. మోకాలు ఒకసారి టక్కుమంది, నొప్పి లేదు. ఆయన చెయ్యి ఇంకా చాచే ఉంది. ముక్కల పళ్లెం అందులో పెట్టాను.