రాని మనిషి కోసం పాడే పాటలు

వామ్ అనే బ్రిటిష్ పాప్ బృందం పాట 'లాస్ట్ క్రిస్మస్' 1984 డిసెంబర్‌లో వచ్చింది. అప్పుడు బ్రిటన్‌లో పాటల ఆదరణను లెక్కగట్టే వారపు చార్ట్‌లో రెండో స్థానం దాటలేకపోయింది. పైన బ్యాండ్ ఎయిడ్ వాళ్లు ఇథియోపియా కరువు బాధితుల కోసం పాడిన పాట ఉంది. 'లాస్ట్ క్రిస్మస్' మొదటిసారి నంబర్ వన్ అయింది 2021 జనవరిలో. సరిగ్గా క్రిస్మస్ వారంలో నంబర్ వన్ కావడానికి 2023 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే 39 ఏళ్లు. పాట రాసి, పాడి, రికార్డులో వాద్యాలన్నీ తనే వాయించిన జార్జ్ మైకేల్ దాన్ని చూడలేదు. 2016లో క్రిస్మస్ రోజునే ఆయన చనిపోయారు.

ఒక క్రిస్మస్ పాప్ పాట వచ్చిన ఏడాదే పోకుండా ఇన్నేళ్లు ఎలా బతుకుతుంది? నవంబర్ వస్తే చాలు, మా పాటల బృందంలో ఇదే చర్చ. నేను కీబోర్డ్ వాయిస్తాను. చిన్నవాళ్లు ఆ ఏడాది కొత్తగా వచ్చిన పాటలు ఫోన్‌లో వినిపించి, ఈసారి ఇది పాడదాం అంటారు. సరేనని నేర్చుకుంటాం. మరుసటి ఏడాదికి ఆ పాట పేరెత్తేవాళ్లే ఉండరు. తెచ్చినవాళ్లకే గుర్తుండదు. కొన్ని పాటలు మాత్రం వచ్చి, ఇక వెళ్లలేదు. వాటికి నేను కార్డ్‌ల (ఒకేసారి కలిపి వాయించే స్వరాల) కాగితం చూడను, వాళ్లు మాటల కాగితం చూడరు. తేడా ఎక్కడుందా అని చాలాకాలంగా ఆలోచిస్తున్నాను.

నాకు తోచింది చెబుతాను. నిలిచిపోయిన పాటల్లో ఎవరో ఒకరు లేరు. గంటలు మోగుతుంటాయి, డ్రమ్స్ హుషారుగా నడుస్తుంటాయి, కానీ పాట మధ్యలో ఒక లోటు ఉంటుంది. పాడే మనిషి ఆ లోటు వైపు తిరిగి పాడుతుంటాడు.

ఇది ఇప్పటి పాప్‌తో మొదలైన సంగతి కాదు. 1942లో బింగ్ క్రాస్బీ పాడిన 'వైట్ క్రిస్మస్' వినండి. పాటలో మంచు కురవదు, మంచు కోసం కలగంటారు. పాట రచయిత ఇర్వింగ్ బెర్లిన్ మొదట రాసిన ఎత్తుగడలో ఆ మనిషి కాలిఫోర్నియాలోని బెవర్లీ హిల్స్ ఎండలో, నారింజ చెట్ల మధ్య నిలబడి ఉత్తరాదికి పోవాలని ఆశపడుతుంటాడు. క్రాస్బీ రికార్డులో ఆ ముక్క లేదు, అయినా ఆ దూరం పాటంతా వినిపిస్తూనే ఉంటుంది. యుద్ధంలో ఇంటికి దూరంగా ఉన్న అమెరికన్ సైనికులు ఈ పాటను అడిగి మరీ వేయించుకున్నారు. బెర్లిన్‌కు పుట్టిన ఒక్కగానొక్క కొడుకు 1928లో, మూడు వారాల పసికందుగా, క్రిస్మస్ రోజునే చనిపోయాడు. పాట ఎప్పుడు విన్నా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

ఇప్పటి కాలానికి వస్తే, మరియా కేరీ పాడిన 'ఆల్ ఐ వాంట్ ఫర్ క్రిస్మస్ ఈజ్ యూ' గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. 1994లో వచ్చింది. ఆమె, వాల్టర్ అఫనాసియెఫ్ కలిసి రాశారు. చరణాలన్నీ వద్దు వద్దు అనడమే. కానుకలు వద్దు, మంచు పడాలన్న కోరికా లేదు, శాంటాకు జాబితా కూడా పంపను అంటుంది. చూడండి ఎంత తెలివైన పనో! పండగ సరంజామా మొత్తం పాటలోకి వచ్చేసింది, కానీ అంతా అక్కర్లేనిదిగానే వచ్చింది. కావాల్సింది ఒక్క మనిషి. ఆ మనిషి పేరు లేదు, ఊరు లేదు, పాట పూర్తయ్యేలోగా వచ్చిన జాడ కూడా లేదు.

కీబోర్డ్ మీద ఆ పాట ఇంకో రహస్యం చెబుతుంది. పాట జి మేజర్ స్కేల్‌లో ఉంటుంది. మొదటి చరణంలో కానుకల మాట వచ్చేచోట సి మేజర్ కార్డ్ పడుతుంది. ఆ కానుకలున్న చెట్టు మాట వచ్చేసరికి అదే కార్డ్ మైనర్ అవుతుంది. వేళ్ల సంగతి చెప్పాలంటే ఒక్క స్వరం అర మెట్టు కిందికి దిగుతుంది, అంతే. జి మన షడ్జమం అనుకుంటే, చతుశ్రుతి ధైవతం కాస్తా శుద్ధ ధైవతం అవుతుంది. శంకరాభరణం రాగంలో హాయిగా నడుస్తున్న పాట ఒక్క క్షణం సరసాంగి రాగంలో అడుగుపెట్టి మళ్లీ వెనక్కి వస్తుంది. మాటల్లో దుఃఖం లేదు. తాళంలో లేదు, గొంతులో అసలే లేదు. ఆ ఒక్క స్వరంలో ఉంది. రిహార్సల్‌లో ఒకసారి ఆ మైనర్ కార్డ్ బదులు మేజరే వాయించి చూశాను. పాట ఆగలేదు, ఎవరూ తప్పనలేదు. కానీ పాట చప్పబడిపోయింది. పాడేవాళ్ల ముఖాల్లోనే అది కనిపించింది.

మా బృందంలో ఒక పెద్దావిడ ఉన్నారు. ఈ పాటకు అందరికంటే గట్టిగా గొంతు కలుపుతారు. కుర్రవాళ్లు ఒకసారి "ఆంటీ, ఎవరి కోసం పాడుతున్నారు?" అని ఆటపట్టించారు. "మా అబ్బాయి కోసం. వాడు దూరంగా ఉన్నాడుగా, ఈసారి కూడా రావట్లేదు" అన్నారు ఆవిడ. ప్రేయసీ ప్రియుల పాటలో ఆవిడకు ఎంత చోటు దొరికిందో! 'నువ్వు' అని ఊరుకుని ఇంకేమీ చెప్పకపోవడంలో ఉన్న బలం అది. ఆ 'నువ్వు' కళ్లెలా ఉంటాయో, మొదట ఎక్కడ కలిశారో రచయిత వివరించి ఉంటే, ఆవిడ కొడుకు ఆ పాటలో పట్టేవాడు కాదు.

ఇంకో మాట కూడా చాలామంది అంటారు: క్లాసిక్ కావాలంటే పాట పాతదిలా వినిపించాలట. దీంట్లో కొంత నిజం ఉంది. మరియా కేరీ పాట 1994లో వచ్చినా, వెనక వినిపించేది 1963. ఆ ఏడాది ఫిల్ స్పెక్టర్ నిర్మించిన క్రిస్మస్ ఆల్బమ్‌లోని స్లే బెల్స్ (మంచు బండి గంటలు), దట్టంగా పరిచిన వాద్యాలు, వెనక కోరస్, అన్నీ ఇందులోకి దిగాయి. కానీ వాద్యాల్లో చాలా భాగం అఫనాసియెఫ్ కంప్యూటర్ మీద కూర్చినవే. కొత్త పనిముట్లతో పాత చప్పుడు తెచ్చారు. అందుకే అది ఏ దశాబ్దపు పాటో పిల్లలకు తెలియదు, అడగరు కూడా. అయితే 'లాస్ట్ క్రిస్మస్' ఈ సూత్రానికి లొంగదు. ఆ సింథసైజర్, ఆ డ్రమ్ మెషిన్ వినగానే ఎనభైల కాలం అని ఎవరైనా చెప్పేస్తారు. అందులో పండగ వాతావరణం కూడా తక్కువే. ఉన్నదంతా నిరుడు మోసపోయిన మనసు, కొంచెం గంటల చప్పుడు. మొదటి నుంచి చివరి దాకా అవే నాలుగు కార్డ్‌లు తిరుగుతుంటాయి. అయినా నిలిచింది. కాబట్టి పాత చప్పుడు సాయం చేస్తుందే గానీ అదే మూలం కాదని నా అభిప్రాయం.

స్పెక్టర్ ఆల్బమ్ కథ కూడా చెప్పాలి. అది విడుదలైంది 1963 నవంబర్ 22న. అదే రోజు అమెరికా అధ్యక్షుడు కెనెడీని కాల్చి చంపారు. దేశమంతా దుఃఖంలో ఉంటే పండగ రికార్డు ఎవరు కొంటారు? అందులో డార్లీన్ లవ్ పాడిన 'క్రిస్మస్ (బేబీ ప్లీజ్ కమ్ హోమ్)' అప్పట్లో పెద్దగా ఎవరికీ పట్టలేదు. ఇది కూడా ఇంటికి రమ్మని వేడుకునే పాటే. 1986 నుంచి ఆమె డేవిడ్ లెటర్‌మన్ టీవీ షోలో క్రిస్మస్ ముందు ఈ పాట పాడడం ఆనవాయితీ అయింది. 2014 దాకా అది సాగింది. వయసు పెరుగుతున్నకొద్దీ ఆ వేడుకోలు ఇంకా బరువెక్కుతూ వచ్చింది. ఇరవైల్లో ఉన్న అమ్మాయి ఇంటికి రమ్మని పిలవడం వేరు, డెబ్భై దాటిన మనిషి పిలవడం వేరు.

ఇలా పదే పదే రావడమే పండగ పాటకు దొరికే వరం. మామూలు హిట్ పాట వరసగా నాలుగు నెలలు చెవుల్లో పడి విసుగు పుట్టిస్తుంది. క్రిస్మస్ పాట జనవరిలో మాయమై పదకొండు నెలలు కనబడదు. మళ్లీ వచ్చేసరికి మన ఇంట్లో ఏదో ఒకటి మారి ఉంటుంది. ఒకరు పెళ్లి చేసుకుని వెళ్లిపోతారు, ఒకరు కాలం చేస్తారు. పాట మాత్రం అదే. ప్రతి ఏడాది ఆ లోటులోకి కొత్త పేరు వచ్చి చేరుతుంది. ఉత్త సంబరం మాత్రమే ఉన్న పాటలో ఈ పేర్లు చేరడానికి చోటుండదు. అందుకే అది ఆ ఏడాదితోనే ముగిసిపోతుంది.

స్ట్రీమింగ్ వచ్చాక ఇదంతా లెక్కల్లో కూడా కనబడుతోంది. ఇదివరకు చార్ట్ అంటే కొత్త రికార్డుల అమ్మకాలు, రేడియో. పాత పాటలు మళ్లీ అమెరికా ప్రధాన చార్ట్ హాట్ 100లోకి రావడానికి వీలుగా, దాన్ని వేసే బిల్‌బోర్డ్ పత్రిక 2012లో నిబంధన మార్చింది. ఆ తర్వాత 2019 డిసెంబర్‌లో మరియా కేరీ పాట, పుట్టిన 25 ఏళ్లకు, అమెరికాలో మొదటిసారి నంబర్ వన్ అయింది. 2023లో బ్రెండా లీ 'రాకిన్ అరౌండ్ ద క్రిస్మస్ ట్రీ' అదే స్థానానికి చేరింది. ఆమె దాన్ని 1958లో, పదమూడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు రికార్డ్ చేశారు. (నిజమే, ఆ పాటలో ఎవరి లోటూ లేదు, అంతా ఆటపాటే. కానీ ఆ పసిగొంతే ఇప్పుడు వినేవాళ్లకు పోయిన కాలాన్ని గుర్తు చేస్తుంది.) కొత్తగా పాట రాసేవాళ్ల కష్టం చూడండి. వాళ్ల పోటీ ఈ ఏడాది గాయకులతో మాత్రమే కాదు, గడిచిన ఎనభై ఏళ్లలో వచ్చిన గొంతులన్నిటితో.

మరి కొత్తవాటిలో ఏది నిలుస్తుంది? కెల్లీ క్లార్క్‌సన్ 'అండర్‌నీత్ ద ట్రీ' 2013లో వచ్చింది. ఇందులో మనిషి వచ్చేశాడు, కానీ ఒంటరిగా గడిపిన క్రిస్మస్ జ్ఞాపకం మొదటి మాటల్లోనే ఉంది. ఆ శాక్సఫోన్ అంటే మా కుర్రవాళ్లకు ప్రాణం. ఇది ఇప్పటికే నిలిచిపోయిందనే అనుకుంటున్నాను. సియా 2017లో పాడిన 'స్నోమ్యాన్' నాకు ఇంకా ఇష్టం. కరిగిపోయే మంచు మనిషిని ప్రేమించడం, కరిగిపోవద్దని ధైర్యం చెప్పడం, ఇంతకంటే సూటిగా ఆ భయాన్ని ఎవరు చెప్పారు? అయితే నలుగురు గొంతెత్తి పాడుకునే పాట కాదది. ఒంటరిగా వినే పాట.

నా పందెం మాత్రం ఆరియానా గ్రాండే 2014లో పాడిన 'శాంటా టెల్ మీ' మీద. వచ్చే ఏడాది ఆ అబ్బాయి ఉండడు అనుకుంటే, నన్ను మళ్లీ ప్రేమలో పడనీయకు అని శాంటాను వేడుకుంటుంది. 1984లో జార్జ్ మైకేల్ గొంతులో నిరుటి గాయం ఉంటే, ఈ అమ్మాయి గొంతులో వచ్చే ఏటి భయం ఉంది. వచ్చే వారం రిహార్సల్‌లో రెండు పాటలూ ఒకదాని వెనక ఒకటి వాయిస్తాను. మధ్యలో ఎవరినీ చప్పట్లు కొట్టవద్దని ముందే చెప్పాను.