వాల్వు ఎక్కడుందో తెలిసిన మనిషి

కోనసీమలో మా ఊరి మంచినీటి పైపులు, వాల్వులు, ఫిల్టర్లు ఎక్కడున్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో రాసే పరిశోధనలో నేనూ ఉన్నాను. కాలేజీ పిల్లలు, ఇంజనీర్లు, పంచాయతీ వాళ్లు అందరూ కలిసి చేస్తున్న పని ఇది.

పాత మ్యాపులో లేని వాల్వును మాకు చూపించింది నీళ్లు వదిలే పెద్దాయన. "ఇక్కడే ఉంది బాబూ, రోడ్డేసినప్పుడు కప్పేశారు" అన్నారు. గునపంతో సిమెంటు పగలగొడితే నిజంగానే కనిపించింది. తిప్పే కడ్డీ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఆ వీధికి మాత్రమే నీళ్లు ఆపే వాల్వు అది. అక్కడ పైపు పగిలితే ఊరంతటికీ నీళ్లు ఎందుకు ఆపాల్సి వస్తోందో అప్పుడు అర్థమైంది. ఆయన పేరు కూడా రిపోర్టులో ఉండాలని గట్టిగా అడిగాను.

డెల్టాలో వేసవి వస్తే కాలువలకు నీళ్లు వదలకుండా కట్టేస్తారు. సముద్రం వైపు ఊళ్లలో చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీళ్లే. ముందే నింపుకున్న చెరువే దిక్కు. అందుకే చెరువు గట్టు, ఫిల్టరు ఇసుక కూడా ఆస్తుల జాబితాలో చేర్చాం. ఇసుక పై పొర ఎప్పుడు గీకి తీశారో రాసిపెట్టకపోతే నీళ్లు ఎందుకు సన్నగా వస్తున్నాయో తెలియదు. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి నీళ్లివ్వడానికి 2019లో మొదలైన కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లక్ష్యం మనిషికి రోజుకు 55 లీటర్లు. కుళాయి బిగిస్తే సరిపోదు, దాని వెనకున్నవన్నీ పనిచేయాలి.

కాలువలు కట్టేసేలోపు ముందుగా ఆ వాల్వే మార్చమని పంచాయతీకి రాశాం.